కరువుసీమలో పడవ కాలవ

పిల్లవాడు గ్లాసు పగలగొడితే పెద్దావిడ కేకలు వేస్తుంది. పక్కనున్నవాళ్ళు, "ఇప్పుడేం పుట్టి మునిగిందమ్మా, ఊరుకో" అంటారు. మనందరి నోటా రోజుకొకసారైనా వచ్చే మాటే. కానీ ఆ పుట్టి ఏమిటో, అది మునిగితే ఎవరికి నష్టమో మనం ఆలోచించం. కొలతల పుట్టి ఒకటుంది, ఇరవై తూములది. మునిగేది అది కాదు. ఏటిమీద మనుషుల్ని దాటించే గుండ్రని బుట్టపడవ. అది నడిమి ఏట్లో మునిగితే అందులో ఉన్న పదిమంది ప్రాణాలూ, మూటల్లో ఉన్న ఏడాది గింజలూ, పుట్టివాడి జీవనాధారమూ ఒక్కసారే పోతాయి. ఆ భయంలోంచి వచ్చింది ఆ మాట.

ఇంకో మాట చూడండి. సంగటి కెలికేదీ తెడ్డే, పడవ నడిపేదీ తెడ్డే. వంటింటి తెడ్డు ఏట్లోకి వెళ్ళిందో, ఏటి తెడ్డు వంటింట్లోకి వచ్చిందో నేను చెప్పలేను గాని, రెండు పనులకూ భుజబలం ఒకటే కావాలి. ఆరేడుగురికి సరిపడా రాగిసంగటి ముద్ద గడ్డలు కట్టకుండా కెలికిన చేతికి ఆ సంగతి తెలుసు.

కర్నూలు, కడప అనగానే మనకు తోచేవి ఎండా, బండా, కరువూ. అక్కడ పడవల ముచ్చట ఏమిటని మీరు నవ్వవచ్చు. కానీ ఇక్కడ తుంగభద్ర, కృష్ణ, హంద్రి, కుందూ, పెన్నా ఉన్నాయి. ఎండాకాలంలో ఇసుకమీద నడిచి దాటే ఏరే వానాకాలంలో వారాల తరబడి అడ్డం నిలుస్తుంది. కర్నూలు పేరు కూడా ఏరు దాటడంలోంచే పుట్టిందని పెద్దలు చెబుతారు. అలంపురం గుళ్ళకు రాళ్ళు మోసుకెళ్ళే బళ్ళు తుంగభద్ర దాటేముందు ఇక్కడ ఆగి, ఇరుసులకు కందెన వేయించుకునేవట. అందుకే కందెనవోలు, పోను పోను కర్నూలు. కథే అనుకోండి, కానీ ఊరు రేవు దగ్గర పుట్టిందన్నమాట నమ్మదగ్గదే.

బళ్ళు దాటలేనంత నీరు వస్తే పుట్టి దిగేది. ఇంచుమించు 1520 ప్రాంతంలో, కృష్ణదేవరాయల కాలంలో, డొమింగో పేస్ అనే పోర్చుగీసు ఆయన విజయనగరానికి వచ్చి ఇదే తుంగభద్ర మీద పుట్టిలను చూశాడు. బుట్టలా గుండ్రంగా ఉంటాయనీ, లోపల బెత్తం అల్లిక, బయట తోలు అనీ, పదిహేను ఇరవై మంది ఎక్కుతారనీ, అవసరమైతే గుర్రాలనూ ఎడ్లనూ కూడా ఎక్కిస్తారనీ రాసుకున్నాడు. పడవ తిన్నగా పోకుండా గిర్రున తిరుగుతూనే ఉంటుందన్నది ఆయనకు వింతగా తోచింది. నాలుగున్నర వందల ఏళ్ళ తరువాత కూడా పుట్టి అలాగే తిరిగింది.

దాన్ని అల్లే తీరు మన చేటలు, గంపలు అల్లే తీరే. వెదురు చీల్చి పెద్ద బుట్ట అల్లుతారు. పైన పశువు తోలు బిగించి కుడతారు. తోలు నానితే బరువెక్కుతుంది, కుళ్ళుతుంది. అందుకని ఏరు దాటగానే పుట్టిని ఒడ్డుకు లాగి బోర్లించి ఆరబెడతారు. తరువాతి కాలంలో తోలు పోయి తారు పూసిన గుడ్డ వచ్చింది, ఆపైన ప్లాస్టిక్ పట్టా వచ్చింది, ఇప్పుడు ఫైబరు పుట్టిలు కూడా వచ్చాయి. బుట్ట రూపం మాత్రం మారలేదు.

నడపడంలో ఉంది నేర్పంతా. ముందూ వెనుకా లేని పడవ అది. ఒక్క తెడ్డుతో ముందు నీటిని తనవైపు లాక్కుంటూ, ఒకసారి కుడికి ఒకసారి ఎడమకు వేస్తేనే దారిన పడుతుంది. ప్రవాహం దాన్ని కిందికి ఈడ్చుకుపోతుంది కాబట్టి, ఎదుటి రేవుకు ఎదురుగా బయలుదేరితే ఎక్కడో తేలతారు. పుట్టివాడు దాన్ని నెత్తిన బోర్లించుకుని గట్టుమీద పైకి నడిచి, అక్కడ నీళ్ళలో వదిలి, ఏరు ఈడ్చిన చోటే రేవు తగిలేట్టు చూసుకుంటాడు. లెక్క పుస్తకంలో లేదు, కంట్లో ఉంటుంది. ఈ లెక్క తప్పితేనే పుట్టి మునిగేది.

ఈ రేవులకు చట్టం కూడా ఉండేది. 1890లో మద్రాసు ప్రభుత్వం కాలవలకూ రేవులకూ కలిపి ఒక చట్టం చేసింది. రేవు పాట పాడుకున్నవాడు మనిషికింత, పశువుకింత అని సుంకం వసూలు చేసుకోవచ్చు. కానీ పల్లెల్లో చాలాచోట్ల డబ్బు చేతులు మారేది కాదు. పంట కళ్ళంలోకి వచ్చినప్పుడు చాకలికీ మంగలికీ కొలిచినట్టే పుట్టి నడిపే బెస్తవారికీ గింజలు కొలిచేవారు. పురుటికి పుట్టింటికి వెళ్ళే పిల్ల, మొదటిసారి అత్తారింటికి పోయే పిల్ల, అవతలి ఊరి సంతకు నెయ్యి తీసుకెళ్ళే ముసలమ్మ, ఒక మేక, రెండు జొన్న మూటలు అన్నీ ఒకే బుట్టలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవలసిందే. పక్కకు జరిగే చోటు లేదు. ఎవరు ఎవరిని తాకారన్న పట్టింపులు ఒడ్డున ఎన్ని ఉన్నా, నడిమి ఏట్లో అవి నెగ్గడం కష్టం. కదిలితే అందరూ పోతారు!

పడవ నడపడం పొట్టకూటికీ, దారికీ అనే మనవాళ్ళు అనుకున్నారు. సరదాకి పడవ నడపడం, దానికొక క్లబ్బు పెట్టుకోవడం మాత్రం దొరలు తెచ్చిన అలవాటు. కలకత్తాలో రోయింగ్ క్లబ్బు 1858లో వెలసింది. మద్రాసులో అడయారు నది ఒడ్డున బోటు క్లబ్బు 1867లో పెట్టారు. ఇప్పుడు మద్రాసులో బోటు క్లబ్బు రోడ్డు అంటే మహా ధనవంతులుండే పేట. ఆ పేరు ఈ క్లబ్బుదే. నాజూకైన పొడుగాటి పడవలో నలుగురో ఎనిమిదిమందో ఒకరి వెనుక ఒకరు కూర్చుని, పోయే దిక్కుకు వీపు పెట్టి, ఒక్క తాళంమీద తెడ్లు వేస్తారు. ఎదుట ఏముందో చూసి దారి చెప్పేందుకు కొన్ని పడవల్లో ఇంకొకడు ఉంటాడు. 1898 నుంచి మద్రాసు జట్టూ కొలంబో జట్టూ పోటీలు పెట్టుకుంటున్నాయి. పోటీ నాడు విందులూ, కప్పులూ, గోడలమీద గెలిచినవాళ్ళ పేర్లూ ఉంటాయి. ఆ కాలపు బోటు క్లబ్బుల్లో ఆడవాళ్ళు ఎక్కువగా ఒడ్డున కూర్చుని చూసేవాళ్ళే. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి మగపిల్లల పడవ పందెం 1829లో మొదలైతే ఆడపిల్లలకు 1927 దాకా ఆ భాగ్యం దక్కలేదు. దక్కినప్పుడు కూడా రెండు జట్లనూ పక్కపక్కన వదల్లేదు. విడివిడిగా నడిపించి, వేగానికి కొంత, తీరుకు కొంత చూసి గెలుపు చెప్పారు! పెళ్ళిచూపుల్లో పిల్లను నడిపించి చూసినట్టుంది కదూ!

మద్రాసులో ఆ దొరలు సాయంత్రాలు సరదాగా తెడ్లు వేయడం మొదలుపెట్టిన ఏడాది, 1867లో, కర్నూలు కడపల మధ్య వేలమంది కూలీలు ఒక పడవ దారి తవ్వుతున్నారు. మన ముచ్చట అసలు దాన్ని గురించే.

కర్నూలు కడప కాలవను మనవాళ్ళు ముద్దుగా కేసీ కెనాల్ అంటారు. పొలాలకు నీళ్ళిచ్చే కాలవగానే మనకు తెలుసు. దాన్ని తలపెట్టినప్పుడు మాత్రం నీరు పారించడమూ పడవలు నడపడమూ రెండూ సమానమైన ఆశలే. ఆశ ఎవరిదంటే సర్ ఆర్థర్ కాటన్‌ది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి గోదావరి జిల్లా ముఖం మారిపోయింది. అక్కడ కాలవలు పొలాలు తడిపాయి, వాటిమీదనే పడవలు ధాన్యాన్నీ మనుషుల్నీ మోశాయి. అది చూశాక కాటన్ దొరకు ఒక పట్టుదల పుట్టింది. దేశమంతా రైళ్ళు వేయడం దండగ, కాలవలు తవ్వండి, ఒకే ఖర్చుతో పంటా పండుతుంది, సరుకూ చవగ్గా చేరుతుంది అని వాదించాడు. రైలు పట్టాలమీద జొన్న మొలవదు కదా అన్నది ఆయన వాదన సారం. తుంగభద్ర నీటిని కర్నూలు, కడపల మీదుగా పెన్నా వెంట నెల్లూరు దాకా, సముద్రం దాకా పడవ దారిగా తీసుకుపోవాలన్నది పెద్ద పథకం.

ప్రభుత్వం తన చేత్తో తవ్వలేదు. 1858లో లండనులో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడింది. అన్నట్టు, ఇది డచ్చి కంపెనీ అని కొన్నిచోట్ల రాస్తుంటారు, కాదు, ఇంగ్లీషు పెట్టుబడే. పది లక్షల పౌన్ల మీద నూటికి అయిదు వంతున వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. అంటే లాభం వచ్చినా రాకపోయినా వాటాదారుకు వడ్డీ ముడుతుంది. ఆ వడ్డీ ఎవరి పన్నుల్లోంచి వస్తుందో చెప్పనక్కరలేదు. హామీ ఉన్న ఇంట్లో ఖర్చుకు అదుపు ఉండదని మనకు తెలిసిందే. అనుకున్న పది లక్షలూ చాలలేదు, పైన అప్పులూ తెచ్చారు.

1863 నుంచి 1870 దాకా పని సాగింది. కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట కట్టి నీరు మళ్ళించారు. కాలవ కర్నూలు ఊళ్ళోకి వచ్చేసరికి హంద్రి నది అడ్డం వచ్చింది. నదిమీద మనుషులు పోయే వంతెన కట్టినట్టు, కాలవ పోయే వంతెన కట్టారు. కింద నది, పైన కాలవ. అప్పట్లో పడవలు నదిమీదుగా గాలిలో పోయాయన్నమాట! ఇంజనీర్లు దాన్ని అక్విడక్టు అంటారు. ఆ తరువాత మిట్టకందాల దగ్గర కొండమిట్టను లోతుగా కోసి, తుంగభద్ర నీటిని పెన్నా వైపు వాలులోకి దించారు. అక్కడినుంచి నంద్యాల సీమ, కుందూ లోయ, ప్రొద్దుటూరు ప్రాంతం దాటి, ఆదినిమ్మాయపల్లె దగ్గర పెన్నా ఆనకట్టను తాకి, కడపకు చేరుతుంది. మొత్తం 190 మైళ్ళు, ఇప్పటి లెక్కలో దాదాపు 306 కిలోమీటర్లు. మరయంత్రాలు లేని రోజుల్లో పలుగూ పారా తట్టా తప్ప మరేమీ లేదు. తట్టలు మోసినవాళ్ళలో ఆడకూలీలు ఎందరో. గోడమీద పేర్లు చెక్కే ఆచారం ఆ పనికి లేదు.

నేల వాలుగా ఉన్నప్పుడు నీరు ఉరుకుతుంది. ఉరికే నీటిలో పడవ ఎదురెక్కలేదు. అందుకని మెట్లు మెట్లుగా లాకులు కట్టారు. గోదావరి జిల్లా ఆడపడుచులకు లాకులు కొత్త కాదు గాని, మిగతావారికోసం చెబుతాను. లాకు అంటే రెండు తలుపులున్న నీటిగది. పైనుంచి వచ్చిన పడవ గదిలోకి రాగానే వెనుక తలుపు మూస్తారు. గదిలో నీటిని మెల్లగా కిందికి వదిలితే పడవ కూడా దిగుతుంది. కింది కాలవ మట్టానికి రాగానే ముందు తలుపు తెరిస్తే సాగిపోతుంది. పైకి ఎక్కాలంటే ఇదే తిరగేసి చేయాలి. ఒక్కొక్క లాకు దగ్గర ఆగడం, లాకు చూసేవాడితో మాటలు, పొయ్యి రాజేసి అన్నం వండుకోవడం కాలవ ప్రయాణంలో తప్పనిసరి. కాలవ పడవలను తెడ్డుకంటే తాడే ఎక్కువ నడిపేది. గట్టుమీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగుతూ నడవాలి, వెనుక ఒకడు గడ పట్టుకుని పడవ గట్టుకు తగలకుండా చూస్తాడు.

ఇంత చేసినా పడవలు అనుకున్నన్ని రాలేదు. కాలవ నెల్లూరు దాకా పోనేలేదు, కడప దగ్గరే ఆగిపోయింది. సముద్రాన్ని తాకని పడవ దారి సగం వేసిన వంతెన లాంటిది. రెండోది, తుంగభద్ర గోదావరి కాదు. వానాకాలం నీళ్ళు వచ్చి, మాఘం దాటాక సన్నగిల్లిపోతాయి. ఏడాదిలో కొన్ని నెలలే నడిచే దారిని నమ్మి ఏ వర్తకుడు పడవలు కొంటాడు? మూడోది, కాటన్ దొర కాదన్న రైలే. మద్రాసు నుంచి కడప, గుత్తి, ఆదోని మీదుగా రాయచూరు దాకా రైలుదారి 1871 నాటికి పూర్తయింది. కాలవ తవ్వడం ముగిసిందీ, రైలు వచ్చిందీ ఇంచుమించు ఒకేసారి. లాకు లాకుకూ ఆగే పడవకు, రాత్రికి రాత్రి మద్రాసు చేర్చే రైలుకు పందెం పెడితే గెలుపెవరిదో చెప్పాలా?

కానీ నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా తోచేది ఇది కాదు. కరువు సీమలో ఇంటి ముందుకు నీళ్ళు వస్తే రైతులు చాలామంది మాకొద్దన్నారు! బయటివాళ్ళు దీన్ని తెలివితక్కువతనం అని రాశారు. నల్లరేగడి నేల స్వభావం తెలిసినవాళ్ళు అలా అనరు. రేగడి నేల ఒక్క మంచి వానను కడుపులో దాచుకుని నెలల తరబడి జొన్నకూ పత్తికీ శనగకూ ఇస్తుంది. అటువంటి నేలలో కాలవ నీరు నిలబెడితే బురదవుతుంది, కొన్నిచోట్ల చవుడెక్కుతుంది. తడి పంటకు పొలం చదును చేయాలి, గట్లు వేయాలి, ఎడ్లు కావాలి, ఎరువు కావాలి, మనుషులు కావాలి. పైన నీటి తీరువా. వాన బాగా కురిసిన ఏడు డబ్బు పెట్టి నీరు ఎందుకు కొనాలి? ఇంటి ఆడవాళ్ళ లెక్క ఇంకొకటి ఉండి ఉంటుంది. ఇంట్లో తినేది జొన్నరొట్టె, కొర్రన్నం, సంగటి. వరి అన్నం పండుగ నాటి మాట. తినని పంటకోసం తినే పంటను దున్నేయడం ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది?

అంతలో 1876 వచ్చింది. ధాత కరువని మన పెద్దవాళ్ళు తలచుకునేది అదే. వరసగా వానలు తప్పాయి. మద్రాసు రాజధానిలో అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. 1871 జనాభా లెక్కల్లో తొమ్మిది లక్షలు దాటిన జిల్లా 1881 లెక్కలకు ఏడు లక్షలకు లోపే తేలింది. పదేళ్ళలో ఒక జిల్లా నాలుగోవంతు జనాన్ని పోగొట్టుకుంది. చనిపోయినవారు, వలస పోయినవారు, పుట్టవలసి పుట్టనివారు అందరూ ఆ తేడాలోనే ఉన్నారు. ఆ రెండేళ్ళూ వద్దన్న కాలవ నీటికోసం రైతులు ముందుకొచ్చారు. కాలవ పక్క పొలాల్లో గింజ పండింది. కాలవకు దూరంగా ఉన్న ఊళ్ళకు అది చాలలేదు.

ఈ పథకాలన్నీ దండగమారివా, పనికొచ్చేవా అని 1878లో ఇంగ్లండు పార్లమెంటు ఒక సంఘం వేసి విచారించింది. డెబ్భై అయిదేళ్ళ కాటన్ దొర దాని ముందు కూర్చుని జవాబులు చెప్పుకోవలసి వచ్చింది. గోదావరి జిల్లాలో దేవుడిలా విగ్రహాలు పెట్టించుకున్న మనిషికి ఈ కాలవ మాత్రం మచ్చగా మిగిలింది. లెక్క ప్రకారం అది నష్టమే. 1882లో ప్రభుత్వం కంపెనీ దగ్గర కాలవను కొనేసింది. ఎవరి నష్టాన్ని ఎవరు కొన్నారో ఆలోచిస్తే, నష్టపోయింది వాటాదారులు కాదని తెలుస్తుంది.

ఆ తరువాత యాభై ఏళ్ళపాటు పడవలు అడపాదడపా నడిచాయి. రైతులు మెల్లగా తడి పంటకు అలవాటు పడ్డారు. పొలాలకు నీరు కావాలంటే తూములు తీయాలి, పడవలు తేలాలంటే తూములు మూసి కాలవ నిండుగా ఉంచాలి. రెండింటికీ పడదు. 1933లో పడవల ముచ్చట మానేసి, దీన్ని నీటిపారుదల కాలవగానే ఉంచారు. పడవకోసం అయితే బాధపడవచ్చు, పంటకోసం అయితే సంతోషించవచ్చు. నేను సంతోషించేవాళ్ళ జట్టే.

ఎందుకంటే ఆ కాలవ కింద నేడు రెండున్నర లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. మీ ఇంటికి వచ్చే బియ్యం బస్తామీద కర్నూలు సోనా అనో నంద్యాల సోనా అనో రాసి ఉంటుంది, చూడండి. ఆ వంగడం బాపట్ల పరిశోధన కేంద్రంలో తయారై 1986లో విడుదలైన సాంబమసూరి. పేరు మాత్రం కర్నూలుకు దక్కింది. జొన్నరొట్టె సీమ సన్నబియ్యానికి పేరు పడడం వెనుక, పడవలకోసం తవ్విన ఈ కాలవ ఉంది. పోనీ, రొట్టె పోయి అన్నం వచ్చినందుకు అందరం సంతోషించామా అంటే, చక్కెర జబ్బు వచ్చాక డాక్టర్లు మళ్ళీ కొర్రలూ జొన్నలూ తినమంటున్నారు. అది వేరే ప్రసంగం.

కాలవమీద పడవలు ఆగినా ఏటిమీద ఆగలేదు. పైగా 1980 దశకం మొదట్లో శ్రీశైలం జలాశయంలో నీళ్ళు నిలిచేసరికి, ఎన్నడూ పడవ చూడని ఊళ్ళు కూడా రేవులయ్యాయి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు మునిగాయి. మెట్ట పొలాల్లో కందులు పండించుకున్నవాళ్ళకు ఇంటి చూరు మీదినుంచి నీళ్ళు కనబడ్డాయి. సప్తనదీ సంగమమని పేరున్న సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీటిలోనే ఉంటుంది. నీళ్ళు తగ్గినప్పుడు శిఖరం ముందు కనబడుతుంది, తరువాత గుడి, చివరికి స్వామి. గుడి పూర్తిగా తేలకముందు వెళ్ళే భక్తులు పడవలమీద వెళ్ళి శిఖరానికే పూజ చేసి వస్తారు. గర్భగుడిలో తలవంచుకుని మొక్కవలసిన చోట శిఖరం ఎదుట పడవలో నిలబడి కొబ్బరికాయ కొట్టడం మరెక్కడ చూస్తాం?

వెనక్కు తన్నిన ఈ నీళ్ళు నదిని ఎంత వెడల్పు చేశాయంటే, ఒకనాడు ఎదుటి గట్టుమీది మనిషిని పిలిస్తే పలికే చోట ఇప్పుడు గట్టే కనబడదు. బంధుత్వాలు మాత్రం పాతవే. అవతలి ఒడ్డున ఇచ్చిన ఆడపిల్లలు, ఇవతలి ఒడ్డున చేసుకున్న కోడళ్ళు పండుగకూ పబ్బానికీ పడవెక్కవలసిందే. రోడ్డున పోవాలంటే చుట్టూ తిరిగి వందకు పైగా మైళ్ళు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి అరవై మందికి పైగా పోయారు. పుట్టి మునగడమంటే ఏమిటో ఆ ఊళ్ళ ఆడవాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. మోసే బరువుకు మించి ఎక్కించకూడదన్నది పుట్టివాడికి తాతలనాడే తెలిసిన సంగతి. ఇంజను బిగించిన పెద్ద పడవలు వచ్చాక, ఇంకో నలుగురు పడతారులే అన్న మాట వచ్చింది. ఈతబెండు తొడుక్కోకుండా పడవెక్కవద్దని ఈ మాట చదివినవారు తమ పిల్లలకైనా చెప్పండి. పాపికొండలకు పోయినా, శ్రీశైలం నుంచి సాగరం లాంచీలో పోయినా అంతే.

2009 అక్టోబరు 2న కర్నూలు ఊళ్ళోకే పడవలు వచ్చాయి. తుంగభద్ర, హంద్రి కలిసి పొంగి పాతబస్తీ అంతటినీ ముంచేశాయి. సుంకేసుల దగ్గర, పాత ఆనకట్ట చోట కట్టిన కొత్త బ్యారేజీ గట్టు తెగింది. దానికి కోట్ల విజయభాస్కరరెడ్డిగారి పేరు పెట్టారు. మిద్దెలమీదికి ఎక్కిన ఆడవాళ్ళు పసిపిల్లలను ఎత్తుకుని రాత్రంతా గడిపారు. తాగడానికి బిందెడు నీళ్ళకోసం వేసవిలో కుళాయి దగ్గర తగవులాడుకున్న సందుల్లోనే రక్షకుల పడవలు తిరిగాయి.

ఇక క్లబ్బుల పడవలకు తిరిగి వస్తే, ఆడవాళ్ళ పడవ పందేలను ఒలింపిక్స్‌లో చేర్చింది 1976లో, మాంట్రియల్‌లో. మగవాళ్ళ పందేలు 1900 నుంచే ఉన్నాయి. 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బజ్‌రంగ్‌లాల్ ఠాకర్ పడవ పందెంలో మనదేశానికి మొట్టమొదటి బంగారు పతకం తెచ్చాడు. అదే క్రీడల్లో ప్రతిమ పుహాన, ప్రమీలా ప్రవా మింజ్ అనే ఇద్దరు ఒడిశా అమ్మాయిలు జంట పడవలో కంచు పతకం గెలిచారు. హైదరాబాదులో హుస్సేన్‌సాగరం మీద ఆడపిల్లలు పడవ శిక్షణకు వెళుతున్నారు. మీ వీధిలో అమ్మాయి ఎవరైనా వెళతానంటే, నల్లబడిపోతావే అని ఆపకండి.

ఈ పోటీల్లో పేర్లు ఎక్కించని ఒక జంట పడవ మన దగ్గరే ఉంది. శ్రీశైలం వెనుక నీళ్ళ గట్లమీద గుడిసెలు వేసుకున్న చేపలవాళ్ళలో, కోస్తా జిల్లాలనుంచి వలస వచ్చినవాళ్ళు చాలామంది. తెల్లవారకముందే మొగుడూ పెళ్ళాం ఒక పుట్టిలో దిగుతారు. అతను నిలబడి వల విసరాలి. పుట్టి గిర్రున తిరిగితే వల చిక్కుపడుతుంది. అందుకని ఆమె మోకాళ్ళమీద కూర్చుని తెడ్డుతో పుట్టిని కదలకుండా నిలబెడుతుంది, అతను చెయ్యి చాపిన వైపుకు సరిగ్గా మూరెడు జరుపుతుంది. ఒళ్ళో పసిపిల్ల ఉంటే చీర కొంగుతో నడుముకు కట్టుకుంటుంది. ఎండెక్కేసరికి గట్టుకు వచ్చి, అతను వల ఆరేస్తుండగా ఆమె పుట్టిని బోర్లించి, అదే నీళ్ళు ముంచుకుని పొయ్యిమీద ఎసరు పెడుతుంది.